మొగిలి ఘాట్‌లో ముల్లు దిగింది

బంగారుపాళెం దాటేవరకూ బండి బాగానే లాగింది. మే నెల, మధ్యాహ్నం మూడు దాటింది. వెనక తొట్టిలో దామలచెరువులో ఎక్కించిన బేనీషా మామిడి, క్రేట్ల మీద క్రేట్లు, పైన టార్పాలిన్, దాని మీద అడ్డదిడ్డంగా బిగించిన తాళ్ళు. రాత్రి పదికల్లా బెంగుళూరు మండీలో దించాలి, తెల్లవారుజామున వేలం. మాగిన పండు ఎండలో ఎవరి కోసమూ ఆగదు. అందుకే మొగిలి దగ్గర టీ కూడా తాగకుండా డ్రైవరు ఘాటు ఎక్కించేశాడు.

మూడో గేరు చాలలేదు. రెండుకు దించాడు. ఎదురుగా లారీల వరస, వెనక హారన్లు. పక్క సీట్లో ఉన్న మేనల్లుడు డాష్‌బోర్డు కేసి చూస్తున్నాడు.

"మామా, ముల్లు ఎర్రగీత మీదికి పోతా ఉండాది."

"కానీలే. పైకి ఎక్కినాక ఆపుదాం. ఘాట్లో యాడ ఆపేది?"

మరో మలుపు. కుర్రవాడు ముందుకు వంగి మళ్ళీ చూశాడు. ఎర్రగీత దగ్గర ఆగిన ముల్లు చిన్నగా వణికి కిందికి రావడం మొదలుపెట్టింది. సగానికి వచ్చింది. సగం కంటే కిందికీ వచ్చింది.

"దిగిపోయింది మామా! చల్లబడింది."

డ్రైవరు ఊపిరి పీల్చుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. ఆ ప్రయాణంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణం అదే. ఇంజిన్ చల్లబడలేదు. వేడిని కొలిచే సెన్సరు నీళ్ళలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. నీళ్ళు ఆవిరై మట్టం దాని కిందికి జారిపోయాక అది గాలిలో వేలాడుతుంది, గాలి వేడిని చెబుతుంది. ముల్లు దిగిందంటే ఇంజిన్లో నీళ్ళు అయిపోయాయని అర్థం. డాష్‌బోర్డు అబద్ధం చెప్పే సందర్భాలు పాత బండిలో చాలానే ఉంటాయి కానీ, ఇంత తియ్యటి అబద్ధం ఇంకొకటి లేదు.

ఈ కథలో మనుషులకు పేర్లు పెట్టడం లేదు. డ్రైవరు, ఆయన అక్క కొడుకు, పలమనేరు అవతల రోడ్డుపక్క షెడ్డులో ఒక మేస్త్రీ. చిత్తూరు నుంచి ముళబాగిలు దాకా ఆ దారి పొడుగునా ఇలాంటి ముగ్గురు, ఇలాంటి పాత పికప్పు ఏ సీజన్లో అయినా కనిపిస్తారు. పికప్పు వయసు పదిహేను దాటింది. ఓడోమీటరు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఎంత తిరిగిందో ఎవరూ చెప్పలేరు.

ముల్లు దిగాక బండి అర కిలోమీటరు కూడా పోలేదు. లాగుడు తగ్గింది. కాలిన రబ్బరు, వేడి ఇనుము కలిసిన వాసన లోపలికి వచ్చింది. తర్వాత బానెట్ అంచుల నుంచి తెల్లటి ఆవిరి. ఈసారి డ్రైవరు ఆలోచించలేదు. ఎడమకు తీసి, రోడ్డు అంచున ఆపి, ఇంజిన్ కట్టేశాడు. కుర్రవాడు దిగి వెనక చక్రాలకు రాళ్ళు పెట్టాడు.

అక్కడ ఆగడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ కొండలు కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కలవి, ఏనుగులు తిరిగే చోటు. పొద్దు వాలితే ఈ రోడ్డు దాటుతుంటాయి. మామిడి తోటల మీద పడటం వాటికి కొత్తేమీ కాదు. తొట్టినిండా మాగిన బేనీషా పెట్టుకుని ఘాట్లో చీకటిదాకా నిలబడటం గురించి డ్రైవరు పైకి ఏమీ అనలేదు. ఆకాశం కేసి మాత్రం చూశాడు. ఇంతలో ఫోను మోగింది. మండీ ఆయన.

"ఎంతలో ఉండావు?"

"ఘాటెక్కినానన్నా. పలమనేరు వచ్చేస్తా."

అబద్ధాలు చెప్పడం డాష్‌బోర్డు ఒక్కదాని పనే కాదు.

మూత తీసే విషయంలో ఆయనకు జ్ఞానం ఉంది. తెలియనివాడైతే వెంటనే చెయ్యి పెట్టేవాడు. మూసి ఉన్న రేడియేటర్లో నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూతలో ఉన్న స్ప్రింగు లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. 0.9 బార్ మూత కింద నీళ్ళు సుమారు 118 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటాయి. మూత తిప్పిన మరుక్షణం ఆ ఒత్తిడి పోతుంది, అప్పటిదాకా ఓపిక పట్టిన నీళ్ళు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి మొహం మీదికి లేస్తాయి. హైవే మీద మెకానిక్కుల చేతుల మీద, మెడల మీద కనిపించే తెల్లమచ్చల్లో చాలావాటికి కారణం ఇదే. డ్రైవరు పావుగంట ఆగాడు. నిజానికి గంట ఆగాలి. కానీ ఫోను మళ్ళీ మోగింది. తడిపిన గోనెపట్టా కప్పి, మొదటి గాటు దాకా తిప్పి వదిలాడు. బుస్సుమని కాసేపు ఆవిరి. తర్వాత పూర్తిగా తీశాడు. లోపల నీళ్ళు కనపడలేదు.

సీటు వెనక ఎప్పుడూ ఉండే క్యాను తెచ్చి పోశాడు. ఒక క్యాను పట్టింది. రెండోది కూడా పట్టింది. అవి బంగారుపాళెం దగ్గర బంకులో పట్టిన బోరు నీళ్ళు. కాలుతున్న ఇంజిన్లో చల్లటి నీళ్ళు ఒక్కసారిగా పోస్తే సిలిండర్ హెడ్డు పగలొచ్చు, వంకర పోవచ్చు. ఆ సంగతి ఆయనకు తెలియదని కాదు. మామిడిపండ్ల గొడవలో గుర్తు రాలేదు.

రెండుసార్లు ఆపుకుంటూ, నీళ్ళు పోసుకుంటూ పలమనేరు దాటి గంగవరం దగ్గర షెడ్డు ముందు బండి నిలబెట్టేసరికి పొద్దు గుంకింది.

మేస్త్రీ పెద్దాయన. బానెట్ ఎత్తలేదు. ముందు ఒక ప్రశ్న అడిగాడు.

"ఎన్ని నీళ్ళు తాగింది?"

"మూడు క్యాన్లు మేస్త్రీ."

"యా నీళ్ళు?"

డ్రైవరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నీళ్ళంటే నీళ్ళే కదా.

మేస్త్రీ ఆయిలు గేజి లాగి బట్టతో తుడిచి మళ్ళీ ముంచి తీశాడు. టార్చి వెలుగులో చాలాసేపు చూశాడు. ఆయిలు నల్లగానే ఉంది. హెడ్ గ్యాస్కెట్ కాలి నీళ్ళు ఆయిల్లోకి దిగితే అది పాలు ఎక్కువైన చాయ్ రంగులోకి మారుతుంది, ఆయిలు పోసే మూత కింద తెల్లటి జిడ్డు కడుతుంది. అక్కడా ఏమీ లేదు. తర్వాత రేడియేటర్ నింపి, మూత పెట్టకుండా ఇంజిన్ స్టార్టు చేయించాడు. మూతి దగ్గర కళ్ళు పెట్టి నిలబడ్డాడు. మొదట రెండు బుడగలు వచ్చాయి. డ్రైవరు గుండె ఆగినంత పని. గ్యాస్కెట్ పోయిందంటే సిలిండర్లలోని మండిన గ్యాసు నీళ్ళలోకి దూరి ఆగకుండా బుడగలు తెస్తుంది. అంటే హెడ్డు దించడం, ఫేసింగు, సీజన్ సగం గోవిందా. మేస్త్రీ కదలకుండా చూస్తూనే ఉన్నాడు. మూడో బుడగ రాలేదు.

"బతికినావు పో" అన్నాడు. "ఇరుక్కున్న గాలి అది. గ్యాస్కెట్టు నిలబడింది."

"అయితే నీళ్ళు పోసుకోని పోతా మేస్త్రీ. పది లోపల పోవాల."

"పో. నంగిలి చెక్‌పోస్టు దాటతావు. ముళబాగిలు చేరతావో లేదో నేను చెప్పలేను."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డ్రైవరు ఫోను తీసి తమ ఊరి మరో పికప్పు ఆయనకు కలిపాడు. తిరుగుబేరంలో పలమనేరులోనే ఉన్నాడు. కిరాయిలో మూడొంతులు అతనికి పోతుంది. రాత్రి ఎనిమిదికి షెడ్డు ముందు రెండు బళ్ళూ తొట్టి తొట్టికి ఆనించి క్రేట్లు మార్చారు. కుర్రవాడు సరుకుతోపాటు వెళ్ళాడు. ఖాళీ బండి, డ్రైవరు, మేస్త్రీ మిగిలారు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఘాట్లో పొగలు కక్కిన అరగంట దాని చివరి అంకం మాత్రమే.

బండి పూర్తిగా చల్లారనిచ్చి, కింద వెడల్పాటి తొట్టి పెట్టి, మేస్త్రీ రేడియేటర్ అడుగున డ్రెయిన్ తిప్పాడు. ఏమీ రాలేదు. సన్నటి తీగ పెట్టి పొడిచాడు. ముందు చుక్కలు, తర్వాత ఎర్రటి బురద. నీళ్ళు కాదు, బురదే. కింది హోసు క్లిప్పు విప్పి లాగితే అదే బురద పెచ్చులతో సహా తొట్టిలో పడింది. డ్రైవరు వేలితో తాకి చూశాడు. గరగరలాడింది.

"ఇది యాడిది మేస్త్రీ?"

"సగం నీ ఇంజిన్ది. సగం నువ్వు పోసిందే."

ఇనుప బ్లాకు లోపలి గోడలు నీళ్ళతో, గాలితో కలిసి తుప్పు పడతాయి. ఎరుపు దానిది. మిగతా తెల్లటి పెచ్చులు బోరు నీళ్ళవి. చిత్తూరు జిల్లాలో బోర్లు వందల అడుగుల లోతుకు దిగుతాయి. రాళ్ళ మధ్య నుంచి వచ్చే ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. వేడి చేస్తే అవి గట్టిపడి గోడలకు అంటుకుంటాయి. బాత్రూంలో హీటరు రాడ్డు మీద తెల్లటి పొర కట్టినట్టే. ఇక్కడ జనం గమనించని లెక్క ఒకటి ఉంది. రేడియేటర్ నుంచి ఆవిరై పోయేది నీరు ఒక్కటే. లవణాలు లోపలే ఉండిపోతాయి. తగ్గిన నీటికి బదులు మళ్ళీ పోసిన ప్రతిసారీ కొత్త లవణాలు చేరతాయి. ఒక్కసారి నింపి వదిలేసిన రేడియేటర్ కన్నా, రోజూ శ్రద్ధగా నింపుకున్న రేడియేటరే ముందు పూడిపోతుంది.

ఈ డ్రైవరు శ్రద్ధ గలవాడు. రోజూ పొద్దున మూత తీసి చూసేవాడు, తగ్గితే పోసేవాడు. బంకులో బోరు నీళ్ళు, టీ అంగట్లో డ్రమ్ము నీళ్ళు, ఒక్కోసారి మొగిలీశ్వరుడి గుడి కొళాయి నీళ్ళు. బండికి నీళ్ళు పోయడం ఆయన దృష్టిలో ఎద్దుకు కుడితి పెట్టడం లాంటి బాధ్యత. అదెందుకు తగ్గుతోంది అన్న ప్రశ్న మాత్రం ఆ బాధ్యతలో భాగం కాలేదు. మేస్త్రీ రేడియేటర్ మూత తిప్పి చూపించాడు. లోపలి రబ్బరు వాషరు రాయిలా బిగుసుకుని పగిలి ఉంది. ఆ మూత ఒత్తిడిని పట్టలేదు. పలమనేరు ఎత్తు దాదాపు 680 మీటర్లు, అక్కడ ఒత్తిడి లేని నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అంటే ఇన్నాళ్ళూ ప్రతి ఎత్తులోనూ ఆ బండి కొంచెం కొంచెం మరుగుతూ, కొంచెం కొంచెం ఆవిరి వదులుతూ, ప్రతి పొద్దున కొత్త బోరు నీళ్ళు తాగుతూ వచ్చింది. కొత్తది కొంటే దారిలో రెండు భోజనాల ఖర్చు కూడా కాని మూత అది.

మేస్త్రీ తర్వాత థర్మోస్టాట్ కప్పు విప్పాడు. లోపల ఖాళీ.

"వాల్వు ఏది?"

"అది ఎప్పుడో తీసిపారేసినారు. వేడెక్కతా ఉండాదని యాడో చూపిస్తే, ఇదుంటేనే వేడెక్కతాది, మన ఊర్లకు అక్కర్లేదని..."

మేస్త్రీ నవ్వలేదు. ఈ వాడుక మన రోడ్ల మీద ఎంత పాతదో ఆయనకు తెలుసు. థర్మోస్టాట్ అంటే మైనం నింపిన చిన్న తలుపు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూసుకుని నీళ్ళను లోపలే తిప్పుతుంది. 82 డిగ్రీలకో, దానిమీద చెక్కిన మరో అంకెకో చేరాక మైనం కరిగి తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు నీళ్ళు రేడియేటర్‌కు పోతాయి. తలుపు పాడై మూసుకుపోతే ఇంజిన్ వేడెక్కుతుంది, నిజమే. అప్పుడు కొత్తది వేయాలి. తీసి పారేస్తే పొద్దున్నే ఇంజిన్ సరిగ్గా వేడెక్కక డీజిలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో ఇంకో చిక్కు ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడు దాని అడుగు భాగం పక్కనున్న బైపాస్ దారిని మూస్తుంది. తలుపే లేకపోతే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజిన్లోకి వెళ్ళిపోతుంది. చల్లబరచడానికి చేసిన వైద్యమే ఘాట్లో వేడెక్కించింది.

"కూలెంటు పోస్తే ఇదంతా ఉండేది కాదా?" డ్రైవరు అడిగాడు. "అది మంచు పడే ఊర్లకు అంట గదా?"

కూలెంట్‌కు మొదట పేరు తెచ్చింది మంచే. 1850ల్లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షార్ల్ అడాల్ఫ్ వుర్ట్జ్ తయారుచేసిన ఇథిలిన్ గ్లైకాల్‌ను, నీళ్ళలో సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. పలమనేరుకు ఆ గుణంతో పనిలేదు. మరిగే ఉష్ణోగ్రతను కూడా అది పెంచుతుంది. సగం సగం మిశ్రమం, మంచి మూత ఉంటే 125 డిగ్రీలు దాటినా మరగదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. వేడిని మోసుకుపోవడంలో ఉత్త నీళ్ళే గొప్పవి. గ్లైకాల్ కలిపేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలకు వాడిన రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజిన్ను మొదట్లో అచ్చంగా గ్లైకాల్‌తోనే చల్లబరిచారు. తర్వాతి రకాల్లో ఒత్తిడి పెంచి, 70 పాళ్ళు నీళ్ళు, 30 పాళ్ళు గ్లైకాల్‌కు వచ్చారు. కాబట్టి 'నీళ్ళను మించింది లేదు' అనే పాత డ్రైవర్ల మాటలో సగం సత్యం ఉంది. మిగతా సగం ఆ తొట్టిలో ఎర్రగా కనిపిస్తోంది. మన ఎండల్లో కూలెంట్ చేసే అసలు ఉపకారం అందులో కొద్ది శాతంగా ఉండే తుప్పు నిరోధకాలది. అవి ఇనుము, అల్యూమినియం, రాగి, టంకం మీద పలుచటి రక్షణ పొరలా నిలుస్తాయి. డీజిల్ ఇంజిన్లలో నీళ్ళకు నేరుగా తగిలే సిలిండర్ లైనర్లుంటే వాటి అవసరం ఇంకా ఎక్కువ. లైనరు అదిరినప్పుడల్లా దాని గోడ మీద సన్న బుడగలు పుట్టి పగిలి, ఇనుమును సూదితో పొడిచినట్టు తొలిచేస్తాయి. ఏళ్ళ తర్వాత ఒకరోజు నీళ్ళు సిలిండర్లోకే దూరతాయి. ఈ నిరోధకాలు ఖర్చయిపోయే సరుకు. గ్లైకాల్ అలాగే ఉన్నా అవి అయిపోతాయి. కూలెంట్‌ను కొన్నేళ్ళకోసారి మొత్తంగా మార్చాలనడానికి కారణం ఇదే.

రాత్రి తొమ్మిదిన్నరకు మొదటి కడుగుడు. శుభ్రం చేసే రసాయనం కలిపిన నీళ్ళు నింపి, ఇంజిన్ను ఐడిల్లో వదిలారు. మేస్త్రీ పక్కనే కూర్చుని బీడీ వెలిగించి, మధ్యమధ్యలో లేచి పైహోసును చేత్తో పట్టి చూస్తున్నాడు. అది బాగా వేడెక్కి కొంతసేపు నడిచాక కట్టేసి, చల్లారనిచ్చి, వదిలేశారు. తొట్టిలోకి వచ్చినవి మళ్ళీ ఎర్ర నీళ్ళే, కానీ ఈసారి పారాయి. రెండోసారి ఉత్త నీళ్ళు. తర్వాత మేస్త్రీ చేసిన పని డ్రైవరు ఇదివరకు ఎక్కడా చూడలేదు. రెండు హోసులూ విప్పి, కింది మూతిలో పైపు పెట్టి నీళ్ళు ఎదురు పారించాడు. రోజూ నీళ్ళు పైనుంచి కిందికి దిగే రేడియేటర్లో ఇప్పుడు కిందినుంచి పైకి ఎక్కుతున్నాయి. ఏళ్ళ తరబడి ఒక వైపు నుంచి నెట్టుకుని గొట్టాల మూతుల్లో బిగుసుకున్న పెచ్చులు అవతలి వైపు నుంచి తోస్తే ఊడాయి. పైమూతిలోంచి బటాణీ గింజంత ముక్కలు బయటికి దూకాయి. ఇంజిన్ బ్లాకుకూ అలాగే, వచ్చే దారికి ఎదురు.

అది పూర్తయ్యాక ముందు జాలీ సంగతి. ఫిన్నుల మధ్య పురుగులు, గడ్డి, దుమ్ము అట్టకట్టి ఉంది. లోపల ఎంత కడిగినా బయటి గాలి దూరకపోతే ప్రయోజనం లేదు. ఇంజిన్ వైపు నుంచి ముందుకు, మెల్లగా, ఫిన్నులు వంగిపోకుండా నీళ్ళు కొట్టాడు. ఇక్కడ తొందరపడి ప్రెషర్ గన్ను దగ్గర పెట్టి రేడియేటర్ పాడుచేసేవాళ్ళే ఎక్కువ.

తర్వాత వేడెక్కించి, ఇంజిన్ కట్టేసి, ఫ్యాను ఆగాక, మేస్త్రీ అరచేతిని జాలీకి అంటీ అంటకుండా ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిపాడు.

"ఇక్కడ చెయ్యి పెట్టు. వేడుండాదా? ఇప్పుడు ఇక్కడ."

కుడివైపు అడుగున అరచేతి వెడల్పు చోటు చల్లగా ఉంది. అక్కడి గొట్టాలు ఇంకా పూడే ఉన్నాయి, వేడి నీళ్ళు పారడం లేదు. థర్మామీటరు, కంప్యూటరు లేకుండా రేడియేటర్ ఎంత బతికుందో చెప్పే పరీక్ష అది. మరో రెండుసార్లు ఎదురు కడిగాక ఆ చోటు సగానికి తగ్గింది. మిగిలింది పోవాలంటే రేడియేటర్ దించి, పై ట్యాంకు విప్పి, గొట్టాల్లో కమ్మీ దూర్చాలి. "సీజన్ అయినాక తీసుకోని రా" అన్నాడు మేస్త్రీ. నిద్రపోయేసరికి పన్నెండు దాటింది.

తొట్టిలోని నీళ్ళను ఆయన షెడ్డు వెనక మూత ఉన్న డ్రమ్ములో పోయించాడు. ఈ బండి నీళ్ళలో గ్లైకాల్ పేరుకైనా లేదు. అయినా అలవాటు కొద్దీ చేశాడు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. షెడ్డు ముందు మడుగు కడితే కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెడతారు. శరీరంలో అది విషపదార్థాలుగా విరిగి, చివరికి ఆక్సలేట్ స్ఫటికాలుగా మూత్రపిండాల్లో పేరుకుంటుంది. కొద్ది మోతాదు కూడా ప్రాణం తీయగలదు. చాలా షెడ్లలో ఈ నీళ్ళు నేరుగా కాలువలోకి పోతాయన్నది చూస్తున్నదే. పోనివ్వకూడదు. కూలెంట్‌ను ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట్లో పెట్టడం అంతకన్నా ఘోరం.

పొద్దున సామాన్ల అంగట్లో డ్రైవరు ఫోను చేశాడు. "మేస్త్రీ, పచ్చదా, ఎర్రదా? ఎర్రది అయిదేండ్లు వస్తాదంట."

"రంగు చూడొద్దు. డబ్బా మీద చదువు. డీజిలు బండికి పనికొస్తాదని ఉండాల, ఐఎస్ 5759 అని ఉండాల. ఇప్పుడు వేసిందే రేపు కూడా వెయ్యాల, రెండూ కలపగూడదు."

రంగు కేవలం కలిపిన చాయ, దానికి అన్ని కంపెనీలకూ ఒకే కట్టుబాటు లేదు. ఎక్కువ కాలం వచ్చే కూలెంట్‌ను నమ్మి ఏమరుపాటుగా ఉంటే ఏమవుతుందో అమెరికాలో పికప్పుల యజమానులు చూశారు. జనరల్ మోటార్స్ 1996 మోడళ్ళకు డెక్స్-కూల్ అనే నారింజరంగు కూలెంట్ నింపి అమ్మింది. అయిదేళ్ళ దాకా మార్చక్కర్లేదన్నది దాని ఆకర్షణ. కొన్నేళ్ళకు షెవ్రొలే ఎస్-10 లాంటి చిన్న పికప్పుల మూతలు తీసినవారికి లోపల తుప్పురంగు బురద కనిపించింది. మట్టం తగ్గి వ్యవస్థలోకి గాలి చేరిన బళ్ళలో ఇది ఎక్కువ. ఇంకొన్ని ఇంజిన్లలో గ్యాస్కెట్లు లీకయ్యాయి. దావాలు నడిచాయి, 2008లో రాజీ కుదిరి, అర్హులైన యజమానులకు మరమ్మతు ఖర్చును బట్టి 50 నుంచి 800 డాలర్ల దాకా దక్కింది. తప్పు కూలెంట్‌దా, గ్యాస్కెట్లదా, మట్టం చూసుకోని యజమానులదా అన్న వాదన ఆ బళ్ళ మెకానిక్కుల మధ్య ఇప్పటికీ తెగలేదు. వాళ్ళు మట్టం చూడకుండా ఏళ్ళు గడిపారు. మన డ్రైవరు రోజూ చూసి బోరు నీళ్ళు పోశాడు. మూత కింద ఇద్దరికీ దొరికింది అదే రంగు బురద.

డ్రైవరు పచ్చదే తెచ్చాడు, కలపని గాఢ కూలెంటు. దాంతోపాటు బ్యాటరీ అంగట్లో డిస్టిల్డ్ వాటర్, కొత్త మూత, రెండు హోసులు, క్లిప్పులు, థర్మోస్టాట్. మేస్త్రీ థర్మోస్టాట్‌ను వెంటనే బిగించలేదు. టీ గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్వు మీద పెట్టి, దాన్ని దారానికి కట్టి వేలాడదీశాడు. నీళ్ళు మరగడానికి కాస్త ముందు తలుపు మెల్లగా విచ్చుకుంది. తీసి బయటపెడితే మూసుకుంది. కొత్త సామాను కూడా చూసి వేయాలన్నది ఆయన పద్ధతి. డ్రైవరు ఆ గిన్నెలోకి చిన్నపిల్లాడిలా వంగి చూశాడు. ఇన్నేళ్ళూ తన బండిలో లేకుండా పోయింది ఇదీ అని అప్పుడే తెలిసింది.

బకెట్లో సగం కూలెంటు, సగం డిస్టిల్డ్ నీళ్ళు ముందే కలిపారు. విడివిడిగా పోస్తే పాళ్ళు తప్పొచ్చు. పోయడం కూడా నిదానంగా, సన్నటి ధారగా. మధ్యలో ఆగి హోసులు పిసకడం. పిసికినప్పుడల్లా గుడగుడమని గాలి పైకి వచ్చి, మట్టం దిగేది. గాలి గది ఇంజిన్లో ఎక్కడ మిగిలినా అక్కడ ఇనుము ఒంటరిగా కాలుతుంది. నింపాక మూత లేకుండానే స్టార్టు చేశారు. చాలాసేపు పైహోసు చల్లగానే ఉంది. డ్రైవరు కంగారుపడ్డాడు.

"వేడి రాలేదే మేస్త్రీ?"

"తలుపు ఇంకా మూసే ఉండాది. ఓపిక పట్టు."

ఉన్నట్టుండి హోసు చేతికి కాలింది. మూతి దగ్గర మట్టం ఒక్కసారి కిందికి జారింది, మిగిలిన గాలి బయటపడింది. మేస్త్రీ ఇంకాస్త పోసి, పచ్చటి ద్రవం మూతిదాకా నిలబడ్డాక కొత్త మూత బిగించాడు. పక్కనున్న కూలెంటు నిల్వ డబ్బాలో రెండు గీతల మధ్య దాకా నింపాడు. డాష్‌బోర్డు మీద ముల్లు సగం దగ్గరికి వచ్చి అక్కడే నిలబడింది.

లెక్క చెప్పేటప్పుడు డ్రైవరు బేరమాడాడు. ఆడకపోతే ఆయన డ్రైవరే కాడు. మేస్త్రీ కూలిలో కొంచెం తగ్గించి, కలిపి మిగిలిన ద్రవం రెండు సీసాల్లో పోసి, పెద్ద అక్షరాలతో 'కూలెంటు, విషం' అని రాసి చేతికిచ్చాడు. మధ్యాహ్నానికి కుర్రవాడు బెంగుళూరు నుంచి ఫోను చేశాడు. సరుకు ఆలస్యంగా చేరింది, మొదటి వేలం తప్పింది, రెండోదాంట్లో ధర కొంచెం తక్కువ పలికింది. మండీ ఆయన తిట్టాడు కానీ మళ్ళీ లోడు వద్దనలేదు.

వారం తిరక్కముందే అదే దారిలో తోతాపురి లోడు. ఈసారి మొగిలి దగ్గర టీకి ఆగారు. కుర్రవాడు బానెట్ ఎత్తి డబ్బా చూశాడు.

"మామా, రెండు వేళ్ళు తగ్గింది!"

డ్రైవరు చెయ్యి అలవాటుగా సీటు వెనక క్యాను మీదికి పోయింది. ఆగి, ఫోను తీశాడు. మేస్త్రీ అవతల నుంచి నింపాదిగా అడిగాడు.

"కింద యాడన్నా తడి ఉండాదా? హోసు క్లిప్పుల కాడ చూడు."

"లేదు మేస్త్రీ, పొడిగా ఉండాది."

"అయితే లోపల మిగిలిన గాలి పోయింది, దాని చోట్లోకి నీళ్ళు దిగినాయి. నేనిచ్చిన సీసా ఉండాదా? అది పొయ్యి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, డబ్బాలో పొయ్యి. ఎల్లుండి మళ్ళా చూడు. మళ్ళా తగ్గితే బండి తీసుకోని రా, నీళ్ళు మాత్రం పొయ్యొద్దు."

"మళ్ళా ఎప్పుడు మార్చాల?"

"రెండేండ్లకు. తేదీ రాసుకో, మర్చిపోతావు."

కుర్రవాడు టీ అంగడి వాడి దగ్గర పెయింటు అడిగి తెచ్చాడు. డ్రైవరు వైపు తలుపు లోపలి పక్కన, ఇన్సూరెన్సు తేదీ కింద, నెలా సంవత్సరం రాసి, పక్కనే ఇంకో ముక్క చేర్చాడు: పచ్చది.

"క్యాన్లో నీళ్ళు ఏం చేద్దాం మామా?"

"మొహం కడుక్కో" అన్నాడు డ్రైవరు, సీసా మూత విప్పుతూ.